పదిహేడేళ్ల రక్తానికి నాన్న సంతకం చాలదు

ఇది కాస్త పొడుగ్గానే ఉంటుంది. తీరిగ్గా కూర్చుని చదవండి. సగంలో ఆపి కామెంట్ పెట్టకండి. చివరిదాకా చదివాక కూడా తిట్టాలనిపిస్తే తిట్టండి, అందుకు సిద్ధపడే రాస్తున్నాను.

విషయం గ్రూపులో ఉన్నవాళ్లకు తెలుసు. తెలియనివాళ్ల కోసం చెబుతున్నాను. నవంబరు 1న, కన్నడ రాజ్యోత్సవం నాడు, మన సంఘం పెట్టే రక్తదాన శిబిరంలో ఈసారి 200 యూనిట్లు దాటించాలని లక్ష్యం పెట్టుకున్నారు. మంచిదే. బెంగళూరులో మూడు తరాలుగా బతుకుతున్నాం, ఈ నేలకు మనమేం ఇచ్చాం అని అడిగేవాళ్లకు ఇంతకన్నా గట్టి జవాబు లేదు. కానీ అంతమంది దాతలు దొరకడం లేదు. అందుకని మన హాస్టల్లో ఉండి పీయూసీ చదువుతున్న పిల్లల్ని కూడా పడుకోబెడదాం అని ఒక ప్రతిపాదన వచ్చింది.

వాళ్లకు 16, 17 ఏళ్లే కదా అని ఎవరో అడిగారు. దానికీ దారి కనిపెట్టారు. బాగేపల్లిలో, ముళబాగిలులో, పావగడలో ఉన్న అమ్మానాన్నలకు వాట్సాప్‌లో ఒక ఫారం పంపుతారట. "మా అబ్బాయి రక్తదానం చేయడానికి మాకు ఎలాంటి అభ్యంతరం లేదు" అని ఉంటుంది. సంతకం పెట్టి ఫొటో తీసి పంపితే సరిపోతుందట.

అదే సర్క్యులర్లో కింద ఇంకో పేరా ఉంది. చాలామంది అంతదాకా చదివినట్టు లేరు. డిగ్రీ, ఇంజనీరింగ్ చదివే అమ్మాయిలు రక్తం ఇవ్వాలనుకుంటే తండ్రి దగ్గర అనుమతి పత్రం తేవాలట. వీళ్లంతా 18 నిండినవాళ్లు. అబ్బాయిలకు ఆ షరతు లేదు.

రెండు పేరాలూ పక్కపక్కన పెట్టి చదవండి. అర్హత లేని పదిహేడేళ్ల పిల్లాడికి నాన్న సంతకంతో అర్హత వచ్చేస్తుంది. అర్హత ఉన్న ఇరవై ఏళ్ల అమ్మాయికి నాన్న సంతకం లేకపోతే అర్హత పోతుంది. ఒకే కాగితం మీద ఈ రెండూ రాయడానికి మనసెలా ఒప్పిందో నాకు అర్థం కాలేదు.

నా మాట ముందే చెప్పేస్తాను. 18 లోపు నాన్న సంతకం చెల్లదు. 18 దాటాక నాన్న సంతకం అక్కర్లేదు. కింద రాసిందంతా ఈ రెండు వాక్యాలకు కారణాలే.

ముందు చట్టం సంగతి. మన దేశంలో రక్తం ఎవరు ఇవ్వవచ్చో చెప్పేది సంఘాలు కాదు, హాస్టల్ వార్డెన్లు కాదు, తండ్రులు కూడా కాదు. 1940 డ్రగ్స్ అండ్ కాస్మెటిక్స్ చట్టం కింద 1945లో వచ్చిన నిబంధనలున్నాయి. అందులో రక్తదాతల అర్హతలను 2020 మార్చిలో సవరించి ప్రకటించారు. వయసు 18 నుంచి 65. మొదటిసారి ఇచ్చేవాళ్లకు 60 దాటకూడదు. బరువు కనీసం 45 కిలోలు ఉంటే 350 మిల్లీలీటర్లు, 55 కిలోలు దాటితే 450 మిల్లీలీటర్లు తీసుకోవచ్చు. హిమోగ్లోబిన్ 12.5 గ్రాములకు తగ్గకూడదు. ఒకసారి ఇచ్చాక మగవాళ్లు 90 రోజులు, ఆడవాళ్లు 120 రోజులు ఆగాలి.

"తల్లిదండ్రులు ఒప్పుకుంటే 16 చాలు" అనే వెసులుబాటు ఇందులో ఎక్కడా లేదు. అంటే మన ఫారానికి చట్టం ముందు చిత్తుకాగితం విలువ కూడా లేదు. పైగా అది మన మీదే సాక్ష్యం అవుతుంది. ఆ అబ్బాయికి 18 నిండలేదని మనకు ముందే తెలుసని మన లెటర్‌హెడ్ మీద మనమే రాసిచ్చినట్టు. ఆ రక్తం తీసుకున్న బ్లడ్ సెంటర్ తన లైసెన్సు షరతులను ఉల్లంఘించినట్టు. లైసెన్సు సస్పెండ్ చేసే అధికారం, రద్దు చేసే అధికారం లైసెన్సింగ్ అధికారులకు ఉంది. ఏళ్ల తరబడి మనకు సాయం చేస్తున్నవాళ్లను ఇలా ఇరికిస్తామా?

"కన్న తండ్రికి ఆ మాత్రం హక్కు లేదా" అని ఒక పెద్దాయన గ్రూపులో అడిగారు. ఆయనంటే నాకు గౌరవం. ఆయనకు బాగా తెలిసిన లెక్కలోనే జవాబు చెబుతాను.

ఒక మైనరు కుర్రాడి పేరు మీద, తాత రాసిచ్చిన రెండు గుంటల స్థలం ఉందనుకోండి. తండ్రి దాన్ని అమ్మగలడా? 1956 హిందూ మైనారిటీ అండ్ గార్డియన్‌షిప్ చట్టం 8వ సెక్షన్ ప్రకారం, మైనరు స్థిరాస్తిని అమ్మాలన్నా, తాకట్టు పెట్టాలన్నా, దానమివ్వాలన్నా ముందుగా కోర్టు అనుమతి తీసుకోవాలి. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు చుట్టూ తిరిగిన మనవాళ్లలో ఈ సంగతి తెలియనివాళ్లు తక్కువ. తండ్రి మీద అనుమానంతో ఆ చట్టం రాయలేదు. గార్డియన్ అధికారం పిల్లల మేలు కోసం మాత్రమే, పిల్లల నుంచి తీసి ఇంకొకరికి ఇవ్వడానికి కాదు అని ఆ చట్టం సారాంశం.

రెండు గుంటల స్థలం దానమివ్వడానికి చాలని సంతకం, ఒంట్లో రక్తం దానమివ్వడానికి ఎలా చాలుతుంది? స్థలానికున్న కాపలా పిల్లాడి ఒంటికి ఉండొద్దా?

పిల్లాడికి అపెండిసైటిస్ వస్తే ఆపరేషన్‌కి తండ్రి సంతకం పెడతాడు. అది వాడి మేలు కోసం. రక్తదానంలో ఆ పిల్లాడికి వైద్యపరంగా వచ్చే లాభం ఏమీ లేదు. పుణ్యం వస్తుంది, నిజమే. పుణ్యం ఎవరికి వాళ్లే సంపాదించుకోవాలి. నాన్న సంతకంతో కొడుకు చేసే దానం ఎవరి ఖాతాలో పడుతుందో పెద్దలే చెప్పాలి.

ఇప్పుడు అమెరికా సంగతి. ఈ ఫారం ఆలోచన అక్కడినుంచే వచ్చింది. మన సభ్యులొకరి మనవరాలు అక్కడ హైస్కూల్లో రక్తం ఇచ్చిందట, 16 ఏళ్లకే, తల్లిదండ్రుల సంతకంతో. ఫొటో కూడా పెట్టారు. ఆ అమ్మాయికి నా అభినందనలు. "అక్కడ పనికొచ్చింది ఇక్కడెందుకు పనికిరాదు" అన్న ప్రశ్నకు మాత్రం నా దగ్గర జవాబుంది.

అక్కడ చాలా రాష్ట్రాల్లో 17 నిండినవాళ్లు సొంతంగా ఇవ్వవచ్చు. 16 ఏళ్లవాళ్లు తల్లిదండ్రుల రాతపూర్వక అనుమతి ఉంటే ఇవ్వవచ్చు. అంటే అక్కడి చట్టం 16 ఏళ్లకు తలుపు తెరిచింది, ఊరికే తెరిచి వదిలేయకుండా సంతకం అనే గొళ్లెం పెట్టింది. మన చట్టం ఆ తలుపు తెరవనేలేదు. అక్కడ గొళ్లెంగా వాడుతున్నదాన్ని మనవాళ్లు ఇక్కడ దొంగతాళంగా వాడుదామంటున్నారు.

ఇంకో సంగతి. తలుపు తెరిచిన ఆ దేశంలోనే దాని గురించి భయపడుతున్నారు. అమెరికన్ రెడ్‌క్రాస్ వాళ్లు 2006లో తీసుకున్న రక్తదానాల లెక్కలు 2008లో జామా అనే వైద్య పత్రికలో వచ్చాయి. రక్తం ఇచ్చాక కళ్లు తిరగడం, పడిపోవడం లాంటి ఇబ్బందులు 20 దాటినవాళ్లలో 2.8 శాతం, 18, 19 ఏళ్లవాళ్లలో 8.3 శాతం, 16, 17 ఏళ్లవాళ్లలో 10.7 శాతం. వీటిలో ఎక్కువ భాగం కాసేపు పడుకోబెట్టి నీళ్లిస్తే తగ్గిపోయేవే. కానీ మెట్ల మీద పడ్డవాడికి, బైకు మీద పడ్డవాడికి అలా తగ్గిపోదు.

అదే లెక్కల్లో ఇంకొకటి ఉంది. 16 ఏళ్లకు రక్తం ఇచ్చి ఏ ఇబ్బందీ పడనివాళ్లలో 73 శాతం మంది ఏడాదిలోపు మళ్లీ వచ్చి ఇచ్చారు. చిన్న ఇబ్బంది పడ్డవాళ్లలో అది 52 శాతానికి పడిపోయింది. అంటే తొందరపడి ఒక యూనిట్ తీసుకుని, జీవితాంతం దాతగా ఉండాల్సినవాణ్ని పోగొట్టుకుంటున్నాం. ఇది సేవ లెక్కలో కూడా నష్టమే.

ఇక ఐరన్. 350 మిల్లీలీటర్ల రక్తంతో పాటు ఒంట్లోంచి దాదాపు 150 మిల్లీగ్రాముల ఐరన్ పోతుంది. తిండి నుంచి ఒళ్లు రోజుకు పీల్చుకోగలిగేది మామూలుగా ఒకటి, రెండు మిల్లీగ్రాములు. మిగతా ఖర్చులన్నీ పోను ఆ లోటు పూడడానికి నెలలు పడుతుంది. ఎదిగే వయసులో ఆ ఐరన్ అవసరం ఇంకా ఎక్కువ. 2019లో అమెరికాలోనే వచ్చిన ఒక అధ్యయనంలో, అంతకుముందు ఏడాదిలో రక్తం ఇచ్చిన 16 నుంచి 19 ఏళ్ల అమ్మాయిల్లో 22.6 శాతం మందికి ఐరన్ లోపం కనిపించింది. ఇవ్వనివాళ్లలో అది 12.2 శాతం.

అది రోజూ మాంసం, గుడ్లు, పాలు పుష్కలంగా దొరికే దేశం. మన సంగతి చూడండి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో 15 నుంచి 19 ఏళ్ల అమ్మాయిల్లో 59.1 శాతం మందికి, అబ్బాయిల్లో 31.1 శాతం మందికి రక్తహీనత ఉంది. మన హాస్టల్లో పొద్దున చిత్రాన్నం, మధ్యాహ్నం అన్నం సాంబారు, రాత్రి ముద్ద. వారానికి ఒక గుడ్డు మీద కార్యవర్గంలో ఎన్ని మీటింగులు జరిగాయో మీ అందరికీ తెలుసు. ఆ గుడ్డు ఇవ్వడానికి వెనకాడిన మనం, ఆ పిల్లల దగ్గర 350 మిల్లీలీటర్లు తీసుకోవడానికి వెనకాడకపోతే ఎలా?

18 దాటగానే ప్రమాదం మాయమైపోతుందని నేను అనడం లేదు. పైన చెప్పిన 8.3 శాతం 18, 19 ఏళ్లవాళ్లదే. గీత ఎక్కడో ఒకచోట గీయాలి. మన దేశం 18 దగ్గర గీసింది. ఆ వయసు నుంచి తన ఒంటి సంగతి తనే తేల్చుకోగలడని నమ్మింది. 1989 నుంచి ఓటు ఇచ్చింది కూడా ఆ నమ్మకంతోనే. ఆ గీత దాటినవాళ్లనైనా జాగ్రత్తగా చూసుకోవడం మన పని. ముందు బాగా నీళ్లు తాగించాలి, టిఫిన్ చేయకుండా వచ్చినవాణ్ని వెనక్కి పంపాలి, ఇచ్చాక వెంటనే లేపి ఫొటోకి నిలబెట్టకూడదు.

"మా కాలంలో మేం పదహారేళ్లకే ఇచ్చాం, మాకేమైంది" అనేవాళ్లు ఉన్నారు. అన్నా, మీకేం కాలేదు, సంతోషం. హెల్మెట్ లేకుండా ముప్పై ఏళ్లు బండి నడిపి ఏమీ కానివాళ్లు కూడా మన సంఘంలోనే ఉన్నారు. అయినవాళ్లు వచ్చి చెప్పలేరు కదా.

ఇప్పుడు అన్నిటికన్నా ముఖ్యమని నేను అనుకునేది చెబుతాను. రక్తం తీసుకునే ముందు దాతకు ఒక ఫారం ఇస్తారు. పుట్టిన తేదీ దగ్గర మొదలై చాలా ప్రశ్నలుంటాయి. ఈమధ్య జ్వరం వచ్చిందా, కామెర్లు వచ్చాయా, పన్ను పీకించుకున్నారా, కుక్క కరిచి ఇంజెక్షన్లు వేయించుకున్నారా, పచ్చబొట్టు పొడిపించుకున్నారా, ఏ మందులు వాడుతున్నారు. లైంగిక జీవితం గురించిన ప్రశ్నలు కూడా ఉంటాయి. తీసుకున్న ప్రతి యూనిట్‌కీ హెచ్‌ఐవీ, హెపటైటిస్ బి, హెపటైటిస్ సి, సిఫిలిస్, మలేరియా పరీక్షలు చేస్తారు. కానీ కొత్తగా సోకిన జబ్బు కొన్నాళ్లపాటు పరీక్షకు దొరక్కపోవచ్చు. ఆ సందులో రోగిని కాపాడేది దాత చెప్పే నిజం ఒక్కటే.

17 ఏళ్ల పిల్లాడు ఆ ఫారంలో ఏం రాస్తాడు? నిజమైన పుట్టిన తేదీ రాస్తే అక్కడే ఆపేస్తారు. అంటే సంవత్సరం మార్చి రాయమని మనవాళ్లే చెవిలో చెప్పాలి. మొదటి ప్రశ్నకే అబద్ధం చెప్పించి, మిగతా ముప్పై ప్రశ్నలకు నిజం చెబుతాడని ఎదురుచూస్తామా? పరువు కోసం ఒక అబద్ధం చెప్పవచ్చని నేర్చుకున్నవాడు, ఫ్రెండ్స్ ముందు పరువు కోసం ఇంకో అబద్ధం చెప్పడా? ఆ రక్తం ఎక్కేది కిద్వాయి ఆస్పత్రిలో పడుకున్న ఏ పసిపిల్లకో. మనం దానం చేస్తున్నది రక్తాన్నా, అనుమానాన్నా?

తర్వాత స్వచ్ఛందం అనే మాట. 1996 జనవరిలో సుప్రీంకోర్టు కామన్ కాజ్ కేసులో ఇచ్చిన తీర్పు తర్వాతే మన దేశంలో డబ్బుకు రక్తం అమ్ముకునే పద్ధతికి తెరపడింది. 1998 జనవరి 1 నుంచి అది నిషిద్ధం. అదే ఏడాది చిరంజీవి గారి పేరుతో హైదరాబాదులో బ్లడ్ బ్యాంకు మొదలైతే, అభిమాన సంఘాల కుర్రాళ్లు వరసలు కట్టి రక్తం ఇచ్చారు. తెలుగువాళ్లలో రక్తదానం అనేది మొనగాడు చేసే పని అనే పేరు తెచ్చిపెట్టడంలో ఆ కుర్రాళ్లది పెద్ద పాత్ర. ఎవరూ డబ్బివ్వలేదు, ఎవరూ బలవంతపెట్టలేదు. స్వచ్ఛందం అంటే అది.

మరి మన హాస్టల్ పిల్లాడి సంగతేమిటి? వాడు పడుకునే మంచం మనది. తినే కంచం మనది. ఫీజులో సగం మనం కడుతున్నాం. వచ్చే ఏడాది సీటు ఉంటుందో లేదో తేల్చేది మనం. అలాంటివాడి ముందు కార్యదర్శి గారు నిలబడి "ఏమయ్యా, రాజ్యోత్సవానికి రక్తం ఇస్తావా" అంటే, "ఇవ్వను సార్" అనగలడా? వాళ్ల నాన్న ముళబాగిలులో టమోటా మండీకి కూలికి పోతాడు. సంఘం లెటర్‌హెడ్ మీద కాగితం వస్తే అందులో ఏముందో చదువుతాడా, సంతకం పెట్టి పంపిస్తాడా? మనం అడిగామంటే అది ఆయనకు అడగడం కాదు, ఆర్డరే. దాన్ని అనుమతి అని పిలిచి మనల్ని మనం మోసం చేసుకోవద్దు. అయినా మనలో ఎంతమంది తమ సొంత 16 ఏళ్ల కొడుకు కోసం ఆ ఫారం నింపారు? ఇంతవరకు ఒక్క పేరూ నాకు కనపడలేదు.

ఒక డాక్టరమ్మ గారు ఒక మంచి ప్రశ్న వేశారు. తలసీమియా, ల్యుకేమియా ఉన్న పిల్లలకు వాళ్ల చిన్న అక్కో తమ్ముడో ఎముక మజ్జ ఇస్తుంటారు కదా, అక్కడ తల్లిదండ్రుల అనుమతి చెల్లుతోంది కదా అని. నిజమే. అక్కడ ఆ రోగికి సరిపోయే మనిషి ప్రపంచంలో ఆ తోబుట్టువు ఒక్కరే కావచ్చు. వాళ్లివ్వకపోతే ఇంకెవరూ ఇవ్వలేరు. అక్క బతకడం ఆ తమ్ముడికీ మేలే. డాక్టర్లు ఒకటికి పదిసార్లు ఆలోచించి చేసే పని అది. మన శిబిరంలో ఆ అవసరం ఎక్కడుంది? పీయూసీ పిల్లాడి ఓ పాజిటివ్ రక్తానికి బదులు వాడి బాబాయి ఓ పాజిటివ్ రక్తం సరిపోదా? బాబాయి ఆ రోజు సన్మానసభలో శాలువా కప్పించుకుంటూ ఉంటాడు కాబట్టి పిల్లాణ్ని పంపుతున్నాం, అంతే.

ఇక రెండో పేరా, అమ్మాయిల సంగతి. దీని మీద ఎవరూ మాట్లాడకపోవడం నాకు మొదటిదానికన్నా ఎక్కువ బాధ కలిగించింది.

18 నిండిన అమ్మాయి మేజర్. ఓటు వేస్తుంది, బండి లైసెన్సు తీసుకుంటుంది, బ్యాంకులో లోనుకు సంతకం పెడుతుంది. చట్టం ఆమెను రక్తదాతగా ఒప్పుకుంటోంది. బ్లడ్ సెంటర్ అడిగేది ఆమె సొంత సంతకం. మధ్యలో నాన్న అనుమతి పత్రం అడగడానికి మనమెవరం? "అమ్మాయి కదండీ, రేపు ఏమన్నా అయితే" అంటారు. ఏమన్నా అయితే చూసుకోవడానికి అక్కడ డాక్టర్ ఉంటాడు. బరువు తూచేది, హిమోగ్లోబిన్ చూసేది, బీపీ చూసేది అందుకే. 12.5 లేని అమ్మాయిని వెనక్కి పంపేది ఆ సూది పరీక్ష. నాన్న సంతకంతో హిమోగ్లోబిన్ పెరగదు, సంతకం లేదని తగ్గదు.

ఇందులో ఇంకో చిక్కుంది. ఆ ప్రశ్నల ఫారంలో నెలసరి గురించి ఉంటుంది, గర్భం గురించి ఉంటుంది, వాడుతున్న మందుల గురించి ఉంటుంది. అవి ఆ అమ్మాయికీ డాక్టరుకీ మధ్య ఉండాల్సిన మాటలు. నాన్న దగ్గర అనుమతి తీసుకుని వచ్చిన అమ్మాయిని ఏ కారణం చేతనో డాక్టర్ వద్దంటే, సాయంత్రం ఇంటినుంచి ఫోను. "ఎందుకు తీసుకోలేదంట?" ఆ ప్రశ్నకు భయపడి నిజం దాచితే నష్టపోయేది మళ్లీ రోగే. అనుమతి పత్రం ఆమెనూ కాపాడదు, రక్తాన్నీ కాపాడదు. అది కాపాడేది మన భయాన్ని మాత్రమే.

"మరి రక్తం కొరత మాటేమిటి" అని అడుగుతారు. అడగాల్సిన ప్రశ్నే. అనంతపురం, చిత్తూరు, కర్నూలు జిల్లాల నుంచి బెంగళూరు ఆస్పత్రులకు వచ్చే మనవాళ్లకు ఇక్కడ చుట్టం ఉండడు, పక్కం ఉండడు. డోనర్‌ని తెచ్చుకోండి అంటే మన సంఘం నంబరుకే ఫోను చేస్తారు. ఆ ఫోన్లు ఎత్తినవాళ్లకు తెలుసు ఆ గొంతులో భయం ఎలా ఉంటుందో. కొరత నిజం. కానీ దానికి మందు నవంబరు 1 నాటి 200 కాదు.

ఎర్రకణాలను బ్యాగులో ఉన్న ద్రావణాన్ని బట్టి 35 నుంచి 42 రోజులు నిల్వ చేయవచ్చు. ప్లేట్‌లెట్లు ఐదు రోజులు. నవంబరు 1న రాష్ట్రమంతా శిబిరాలే. ఆ వారం ఇచ్చిన రక్తం డిసెంబరు మధ్యకల్లా వాడకపోతే పారబోయాల్సిందే. ఏప్రిల్, మే నెలల్లో కాలేజీలు మూసేశాక, ఎండలు మండుతున్నప్పుడు ఫోను చేసే ఆ తండ్రికి నవంబరు రక్తం ఏం పనికొస్తుంది?

మగవాళ్లు 90 రోజులకొకసారి ఇవ్వవచ్చు. అంటే ఏడాదికి నాలుగుసార్లు. ఆరోగ్యంగా ఉన్న 50 మంది మగవాళ్లు మూడు నెలలకొకసారి వస్తే, 50 ఇంటూ నాలుగు, 200. మన లక్ష్యం అక్కడే తీరిపోయింది. ఒక్క పీయూసీ పిల్లాడి సూదిగుచ్చు కూడా అక్కర్లేదు. మన సభ్యత్వ పుస్తకంలో వందల పేర్లున్నాయి. ఉగాది భోజనానికి కూపన్లు సరిపోవు. అందులోంచి 50 మంది దొరకరా? దొరక్కపోతే ఆ సిగ్గు మనది. దాన్ని పిల్లల రక్తంతో కడుక్కోకూడదు.

పిల్లల్లో సేవాభావం పెంచాలి కదా అంటారా? పెంచుదాం. సూది ఒక్కటే సేవా? రిజిస్ట్రేషన్ టేబుల్ దగ్గర కూర్చోబెట్టండి. దాతలకు బిస్కెట్లు, జ్యూసు ఇచ్చి పావుగంట కదలకుండా కూర్చోబెట్టే బాధ్యత వాళ్లకివ్వండి. మొహం పాలిపోయినవాణ్ని గుర్తుపట్టి డాక్టర్‌ని పిలవడం నేర్పండి. 90 రోజులు నిండిన దాతలకు ఫోను చేసి గుర్తుచేసే లిస్టు వాళ్ల చేతికివ్వండి. మన పెద్దలు వాట్సాప్ సందేశాలకు కదలరు గానీ, పదిహేడేళ్ల కుర్రాడు ఫోను చేసి "అన్నా, ఆదివారం వస్తున్నారా" అంటే కాదనలేరు.

అదే రోజు ఆ పిల్లలందరికీ హిమోగ్లోబిన్ పరీక్ష చేయిద్దాం. తీసుకునే ముందు ఇద్దాం. తక్కువ ఉన్నవాళ్లకు డాక్టర్ సలహాతో మందులిప్పిద్దాం, ఆ గుడ్డు సంగతి కూడా తేల్చుదాం. మేనరికాలు ఇంకా పూర్తిగా పోని మనవాళ్లలో, కుటుంబంలో తలసీమియా ఉన్నవాళ్లకు క్యారియర్ పరీక్ష గురించి చెబుదాం. భార్యాభర్తలిద్దరూ క్యారియర్లైతే పుట్టే ప్రతి బిడ్డకూ నాలుగో వంతు ప్రమాదం ఉంటుంది. పెళ్లికి ముందు ఒక రక్తపరీక్ష చేయించుకుంటే, నెలనెలా రక్తం ఎక్కించుకుంటూ బతకాల్సిన అవస్థ ఒక బిడ్డకు తప్పవచ్చు.

చివరగా, వచ్చే ఆదివారం సర్వసభ్య సమావేశంలో నేను మూడు తీర్మానాలు పెట్టబోతున్నాను. మద్దతిచ్చేవాళ్లు ఇక్కడే పేరు రాయండి, వ్యతిరేకించేవాళ్లు కారణం రాయండి.

ఒకటి. మన శిబిరంలో పుట్టిన తేదీ ఉన్న గుర్తింపు కార్డు చూడనిదే ఎవర్నీ లోపలికి పంపకూడదు. 18 నిండనివాళ్ల దగ్గర, ఎవరి సంతకం ఉన్నా సరే, రక్తం తీసుకోకూడదు. వాట్సాప్ ఫారం ఈరోజే వెనక్కి తీసుకోవాలి.

రెండు. 18 నిండిన ఎవరి దగ్గరా, అమ్మాయి కానీ అబ్బాయి కానీ, తల్లిదండ్రుల అనుమతి పత్రం అడగకూడదు. హాస్టల్లో ఉండేవాళ్లు రక్తం ఇచ్చారా లేదా అన్నది సీటుకీ, స్కాలర్‌షిప్‌కీ సంబంధం లేని విషయమని నోటీసు బోర్డులో రాసిపెట్టాలి.

మూడు. ఏడాదికి ఒక పెద్ద శిబిరం బదులు నాలుగు చిన్న శిబిరాలు పెట్టాలి. ఒకటి తప్పకుండా ఏప్రిల్ ఆఖరులో ఉండాలి. కార్యవర్గ సభ్యుల్లో వయసు, ఆరోగ్యం అనుమతించే ప్రతి ఒక్కరూ మొదటి శిబిరంలో, పిల్లలందరి ముందు, రక్తం ఇవ్వాలి.

మూడోది పాసైతే మొదటి రెండింటి మీద గొడవే ఉండదని నా నమ్మకం. ఇవ్వగలిగిన పెద్దవాళ్లు ముందు పడుకుంటే, పిల్లల వంతు ఎప్పుడొస్తుందని ఎవరూ అడగరు. ఆ పిల్లలు 18 నిండిన మర్నాడు వాళ్లంతట వాళ్లే వస్తారు. అప్పుడు పెట్టే సంతకం వాళ్లది.